మాయమైపోని మాయ

అడవి నడుమ పిరమిడ్లు కట్టారు. ఆకాశాన్ని లెక్కగట్టారు. ఒకనాడు ఉన్నట్టుండి మాయమైపోయారు... మాయా నాగరికత గురించి అందరూ చెప్పుకునే కథ ఇదే. నిజానికి వాళ్లెక్కడికీ పోలేదు. ఇవాళ్టికీ మొక్కజొన్న విత్తుకుంటున్నారు, మగ్గం నేస్తున్నారు, వాన కోసం మొక్కుకుంటున్నారు. కరవంటే ఏమిటో తెలిసిన కర్నూలు పడమటి పల్లెలకు ఆ కథ ఇంకాస్త బాగా అర్థమవుతుంది!

పత్తికొండ పల్లెల్లో పొద్దుటి పూట జొన్నరొట్టె, దాని మీద కాస్త ఊరిబిండి. అంతకన్నా అచ్చమైన సీమ తిండి ఇంకేముంటుంది? అయితే ఆ ఊరిబిండిలోంచి ఒక్కొక్కటే తీసి పక్కన పెట్టి చూడండి. ఎండుమిరపకాయ... మెక్సికోది. టమోటా... ఆ పేరే మెక్సికో ప్రాంతపు నహువాట్ల్ భాషలోని ‘టొమాట్ల్’ నుంచి వచ్చింది. బుడ్డలు... దక్షిణ అమెరికావి. ఆరొందల ఏళ్ల కిందట ఇవేవీ మన దేశంలో లేవు. ఐరోపా వాళ్ల ఓడలెక్కి ఒకటొకటిగా వచ్చాయి. వాటిని తీసేస్తే రోట్లో మిగిలేది ఉప్పు, వెల్లుల్లి, చింతపండు! (జొన్న కూడా ఆఫ్రికా నుంచి వచ్చిందే అనుకోండి. కాకపోతే అది వచ్చి మూడు వేల ఏళ్లు దాటిపోయింది.)

పత్తికొండ పేరు చెబితే చాలామందికి గుర్తొచ్చేది టమోటా మార్కెట్టే. ధర ఉన్న రోజు గంపల కొద్దీ సందడి, ధర పడిపోయిన రోజు రోడ్డు పక్కన పారబోసిన ఎర్రటి గుట్టలు. పక్కనే ఉన్న ఆదోని పత్తికి పెద్ద మార్కెట్. అక్కడి జిన్నింగు మిల్లులకు చేరే పత్తిలో ఎక్కువ భాగం ‘హిర్సూటమ్’ అనే అమెరికా జాతికి చెందిన హైబ్రిడ్. ఈ జాతి మొట్టమొదట సాగులోకి వచ్చింది మెక్సికోలోని యుకటాన్ ద్వీపకల్పం వైపేనని శాస్త్రవేత్తల అంచనా. యుకటాన్ అంటే మాయన్ల గడ్డ. బొప్పాయిదీ, మొక్కజొన్నదీ కూడా ఆ చుట్టుపక్కల పుట్టుకే. పేరులోనే పత్తిని పెట్టుకున్న ఊరికి, ఎక్కడో భూగోళానికి అవతలి వైపున్న మాయన్లతో ఇంత చుట్టరికం ఉందన్నమాట.

చుట్టరికం అన్నాం కదా అని మయసభ కట్టిన మయుడి దాకా వెళ్లిపోనక్కర్లేదు. మయుడికీ మాయన్లకీ పేరులో పోలిక తప్ప ఏ సంబంధమూ లేదు. అమెరికా ఖండాలకు మనుషులు ఆసియా ఈశాన్య కొస నుంచి వేల ఏళ్ల కిందటే నడిచి వెళ్లారు. అలా చేరినవాళ్ల సంతతే మాయన్లు. మెక్సికో దక్షిణ భాగం, గ్వాటెమాలా, బెలీజ్, హోండురాస్, ఎల్ సాల్వడార్... ఇదీ వాళ్ల నేల. ఒకే రాజ్యం కాదు, ఒకే భాషా కాదు. ఇప్పటికీ సుమారు 30 మాయా భాషలు మాట్లాడుతున్నారు. 2018 జనాభా లెక్కల్లో ఒక్క గ్వాటెమాలాలోనే దాదాపు 62 లక్షల మంది తాము మాయన్లమని నమోదు చేయించుకున్నారు.

ఎద్దు లేదు, బండి లేదు... అయినా!

క్రీస్తు శకం 250 నుంచి 900 దాకా మాయా నగరాలకు మంచి రోజులు. టికాల్, పలెంకే, కోపాన్... ఒక్కోటీ ఒక్కో రాజ్యం. పలెంకేను 615 నుంచి 683 వరకు పకాల్ అనే రాజు ఏలాడు. అప్పుడే బాదామిలో రెండో పులకేశి రాజ్యం చేస్తున్నాడు. అలంపురంలో నవబ్రహ్మ ఆలయాలు లేవడానికి కాస్త ముందటి కాలం. ఇక్కడి శిల్పికి ఇనుప ఉలి ఉంది, రాయి లాగడానికి ఎద్దులు, ఏనుగులు ఉన్నాయి. అక్కడ ఇనుము లేదు, బండి లేదు, బరువు లాగే జంతువూ లేదు. చెకుముకి రాళ్లతో చెక్కి, మనుషులే మోసి ఆకాశాన్నంటే గుళ్లు కట్టారు. 1952లో పురాతత్వవేత్త అల్బెర్తో రుస్ పలెంకేలోని ఒక పిరమిడ్ లోపలి మెట్లు తవ్వుకుంటూ దిగితే, అడుగున పకాల్ సమాధి కనిపించింది. మొహం మీద పచ్చరాతి ముక్కలు పేర్చిన ముసుగు!

అలాగని వాళ్లంతా ధ్యానంలో మునిగిన సాధువులేం కాదు. రాజులు ఒకరి మీద ఒకరు దండెత్తేవాళ్లు, పట్టుబడ్డవాళ్లను బలిచ్చేవాళ్లు. దేవతల కోసం రాజూ రాణీ తమ నాలుక, చెవులు గుచ్చుకుని రక్తం అర్పించేవాళ్లు. రబ్బరు బంతితో ఆట కూడా ఉండేది. చేత్తో పట్టకూడదు, తుంటితోనే కొట్టాలి. ఆ బరువైన బంతి తగిలితే ఎముకలు కదిలిపోవాల్సిందే.

వంటింట్లోకి తొంగి చూస్తే మాత్రం మన ఇల్లే అనిపిస్తుంది. సన్నెకల్లు లాంటి రాయి మీద మొక్కజొన్న నూరుతారు. పిండిని చేత్తో తట్టి రొట్టె చేస్తారు. పెనం మీద కాలుస్తారు. కాకపోతే గింజల్ని ముందుగా సున్నపు నీళ్లలో ఉడికిస్తారు. ఉత్తి మొక్కజొన్న మీదే బతికేవాళ్లకు నియాసిన్ అందక పెల్లగ్రా జబ్బు వస్తుంది. సున్నంలో ఉడికిస్తే ఆ విటమిన్ ఒంటికి పడుతుంది. ఆ సంగతి ఏ ప్రయోగశాలా చెప్పకముందే అక్కడి ఆడవాళ్ల చేతులకు తెలుసు! చేలో మొక్కజొన్న, చిక్కుడు, గుమ్మడి కలిపి వేస్తారు. మన వైపు బుడ్డల చేలో కంది సాలు వేసినట్టే. మనిషిని దేవతలు మొదట మట్టితో చేశారట, కరిగిపోయాడు. చెక్కతో చేస్తే మనసు లేనివాడయ్యాడు. చివరికి మొక్కజొన్న పిండితో చేస్తే నిలబడ్డాడట! గ్వాటెమాలాలోని కిచే మాయన్ల గ్రంథం ‘పొపోల్ వుహ్’ చెప్పే కథ ఇది.

యుగాంతం రాలేదేం?

2012 డిసెంబరు 21 గుర్తుందా? మాయన్ క్యాలెండర్ అయిపోతోంది, ప్రపంచం మునిగిపోతుందని టీవీల నిండా అదే గోల. అంతకు మూడేళ్ల ముందు ‘2012’ అనే హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. తెల్లారింది, ఏమీ కాలేదు. అసలు మాయన్ల లెక్కలో ఆ రోజున ఒక పెద్ద చక్రం పూర్తయి ఇంకోటి మొదలైందంతే. స్కూటరు మీటరులో 99,999 తర్వాత సున్నాలు తిరిగినట్టు! పలెంకే శాసనమొకటి క్రీ.శ. 4772లో వచ్చే ఒక తేదీని కూడా పేర్కొంది. ప్రపంచం 2012లోనే ముగుస్తుందనుకునేవాళ్లు అంత దూరం లెక్క రాస్తారా?

పంచాంగం చూసే ఇళ్లకు వాళ్ల లెక్క కొత్తేమీ కాదు. 365 రోజుల ఏడాది ఒకటి, 260 రోజుల పవిత్ర చక్రం ఒకటి. రెండూ పక్కపక్కనే తిరుగుతూ 52 ఏళ్లకు మళ్లీ అదే చోట కలుస్తాయి. మన ప్రభవాది అరవై ఏళ్ల చక్రం లాంటిదే. వేళ్లూ కాలివేళ్లూ కలిపి ఇరవై, అదే వాళ్ల అంకెలకు మూలం. చుక్క ఒకటి, గీత అయిదు, గవ్వలాంటి గుర్తు సున్న. అవును, సున్నాను వాళ్లూ విడిగా కనిపెట్టుకున్నారు. వాళ్ల కాలగణన మొదలైంది క్రీ.పూ. 3114లో. మన కలియుగం లెక్క క్రీ.పూ. 3102 నుంచి. పన్నెండేళ్లే తేడా! దీన్ని పట్టుకుని ఎన్ని కథలైనా అల్లొచ్చు కానీ, అది కాకతాళీయమే.

ఆ 260 రోజుల లెక్క ఇంకా నడుస్తూనే ఉంది. గ్వాటెమాలా కొండ ఊళ్లలో ‘అహ్‌కిహ్’ అనే దినగణకులున్నారు. బిడ్డ పుట్టిన రోజును బట్టి స్వభావం చెబుతారు, శుభకార్యాలకు రోజు చూస్తారు. మన వైపు నక్షత్రం చూసి పేరు పెట్టించుకున్నట్టే.

ఊరు పాడుబడింది... మనుషులు?

ఉత్తర యుకటాన్‌లో నదులు కనిపించవు. నేలంతా సున్నపురాయి, వాన పడితే ఇంకిపోతుంది. పైకప్పు కూలిన గుహల్లో నిలిచే నీళ్లు, వాటిని ‘సెనోటే’లంటారు. అవి లేని చోట నేలలో తొట్లు తవ్వి, లోపల సున్నం పూసి వాననీళ్లు దాచుకునేవాళ్లు. దక్షిణాన టికాల్ లాంటి మహానగరాలు కూడా చెరువుల మీద ఆధారపడ్డవే. వాన తెప్పించే శక్తి రాజుకుందని జనం నమ్మారు. రాజూ నమ్మించాడు.

తొమ్మిదో శతాబ్దంలో ఆ వాన మొహం చాటేసింది. ఒక ఏడాది కాదు, రెండేళ్లు కాదు, వచ్చిపోతూ వందేళ్లకు పైగా కరవులు. యుకటాన్‌లోని చిచాంకనాబ్ సరస్సు అడుగు మట్టిని పరీక్షించిన శాస్త్రవేత్తలు 2018లో ప్రకటించిన లెక్క ప్రకారం అప్పట్లో ఏటా కురిసే వాన సగానికి సగం పడిపోయింది. మరీ గడ్డు రోజుల్లో 70 శాతం దాకా తగ్గింది. దానికి తోడు యుద్ధాలు, నరికేసిన అడవి, పెరిగిన జనం. రాళ్ల మీద రాజుల పేర్లు చెక్కడం ఒక్కో నగరంలో ఆగిపోయింది. టికాల్‌లో చివరి తేదీ 869. తొనినా అనే నగరంలో 909. ఆ తర్వాత ఆ పెద్ద లెక్కలో ఎవరూ తేదీ చెక్కలేదు. అడవి వచ్చి గుళ్లను కప్పేసింది.

“ఏమైపోయారు?” అని ప్రపంచం వందేళ్లకు పైగా బుర్ర బద్దలు కొట్టుకుంది. ఆదోని, కోసిగి, ఆలూరు పల్లెల్లో ఎవరినడిగినా చెప్పి ఉండేవారు... సుగ్గికి పోయుంటారు! వాన లేని ఏడు ఇక్కడ ఇంటికి తాళం పడుతుంది. పిల్లాజెల్లాతో గుంటూరు మిరప చేలకు ప్రయాణం. ఊళ్లో అరుగుల మీద మిగిలేది ముసలివాళ్లే. ఆ రోజుల్లో ఎవరైనా వచ్చి చూస్తే ఈ ఊరి జనం మాయమైపోయారనే రాసుకుంటారు. మాయన్లూ అంతే. దక్షిణపు నగరాలు వదిలి కొందరు ఉత్తరాన చిచెన్ ఇట్జా వైపు, కొందరు తీరాలకు, కొండలకు కదిలారు. పాడుబడినవి రాజుల కోటలు. రైతు విత్తనం మూటగట్టుకుని ఇంకో చోటికి వెళ్లి విత్తుకున్నాడు. ఇక్కడి సుగ్గి జనం ఉగాదికో జాతరకో ఊరికి తిరిగొస్తారు. వాళ్లు తిరిగి రాలేదు, తేడా అంతే.

ఈ ముక్క మొదట గట్టిగా చెప్పింది పండితుడేం కాదు, జాన్ లాయిడ్ స్టీఫెన్స్ అనే అమెరికా లాయరు. ఆయన 1839లో బొమ్మలు గీసే ఆర్కిటెక్టు ఫ్రెడరిక్ కాథర్‌వుడ్‌ను వెంటబెట్టుకుని అడవిలోకి వెళ్లాడు. కోపాన్ శిథిలాలను 50 డాలర్లకు కొనేశాడు కూడా! ఇవన్నీ ఈజిప్టు వాళ్లు కట్టారని, సముద్రంలో మునిగిన ఏదో ఖండం వాళ్లు కట్టారని ఆ రోజుల్లో వాదనలు. స్టీఫెన్స్ మాత్రం చుట్టూ ఉన్న పల్లె జనాన్ని చూసి, వీళ్ల పూర్వీకులే కట్టారన్నాడు. ఎదురుగా ఉన్న మనుషుల్ని చూడటానికి పాండిత్యం అక్కర్లేదు కదా.

వాన కోసం వాళ్లు చేసే మొక్కు ఇంకా ఆశ్చర్యం. యుకటాన్ పల్లెల్లో కరవొస్తే వానదేవుడు చాక్‌కు పూజ చేస్తారు. ఆకులతో అలంకరించిన బల్ల కింద, నాలుగు కోళ్ల దగ్గరా నలుగురు పిల్లల్ని కట్టి కూర్చోబెడతారు. వాళ్ల పని? కప్పల్లా బెకబెకమనడం! మన పల్లెల్లో రోకలికి వేపమండలు, కప్పను కట్టి ‘కప్పతల్లి’ని ఇంటింటికీ తిప్పడం, ఆడవాళ్లు బిందెలతో నీళ్లు పోయడం తెలియనిదెవరికి? ఒకరి నుంచి ఒకరు నేర్చుకున్నది కాదు. మబ్బు వైపు చూసే కళ్లకు రెండు చోట్లా ముందు వినిపించేది కప్పే మరి.

నడుముకు కట్టుకున్న మగ్గం

స్పెయిన్ వాళ్లు పదహారో శతాబ్దంలో వచ్చారు. మాయన్లను లొంగదీయడం అంత తేలిక కాలేదు. చిట్టచివరి స్వతంత్ర రాజ్యం, సరస్సు మధ్య దీవిలోని నోహ్‌పెటెన్, 1697లో గానీ పడలేదు. ఆ తర్వాత భూములు పోయాయి. కాఫీ తోటలొచ్చాక కొండల మీది మాయన్లు కూలికి తీరానికి దిగేవాళ్లు. అదీ ఒక సుగ్గే. 1960 నుంచి 1996 వరకు సాగిన గ్వాటెమాలా అంతర్యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, గల్లంతయ్యారు. నిజనిర్ధారణ సంఘం 1999లో ఇచ్చిన నివేదికలో, గుర్తించగలిగిన బాధితుల్లో 83 శాతం మాయన్లే. చిన్నప్పుడు ఆ తోటల్లో పని చేసిన కిచే మహిళ రిగోబెర్తా మెంచు తన జనం గోడు ప్రపంచానికి వినిపించి 1992లో నోబెల్ శాంతి బహుమతి అందుకుంది. ‘మాయమైపోయారు’ అనే మాట ఎంత క్రూరమైనదో ఇక్కడే తెలుస్తుంది. లేరని అందరూ నమ్మేశాక చంపినా అడిగేవాడుండడు.

ఆ యుద్ధంలోనూ ఆగనిది మగ్గం. మాయా ఆడవాళ్ల మగ్గానికి ఒక కొస చెట్టుకో గుంజకో కడతారు, రెండో కొస నేసేవాళ్ల నడుముకు. వెనక్కి ఒరిగితే పడుగు బిగుస్తుంది, ముందుకు వంగితే వదులవుతుంది. ఒళ్లే మగ్గంలో సగం! అలా నేసి ‘హుయిపిల్’ అనే వదులు రవిక తొడుక్కుంటారు. దాని మీది పూలూ పిట్టలూ చూసి, తెలిసినవాళ్లు ఆమెది ఏ ఊరో చెప్పేస్తారు.

గుంట మగ్గాల ఎమ్మిగనూరుకు ఈ కష్టం కొత్త కాదు. 1938లో మాచాని సోమప్ప అక్కడి నేతన్నల్ని సహకార సంఘంగా కూడగట్టింది, నూలు అప్పులకూ దళారీ ధరకూ మధ్య నలిగిపోతున్నారనే. తర్వాత మరమగ్గం వచ్చింది. చేనేత అంచును మిషను మీద దింపి చవగ్గా అమ్మడం మొదలైంది. దాన్ని ఆపడానికి 1985లో కేంద్రం కొన్ని రకాల్ని చేనేతకే కేటాయిస్తూ చట్టం చేయాల్సి వచ్చింది. అక్కడా అదే గొడవ. హుయిపిల్ డిజైన్లను కంపెనీలు అచ్చు కొట్టి అమ్ముకుంటుంటే, గ్వాటెమాలా నేత ఆడవాళ్లు 2016లో రాజ్యాంగ న్యాయస్థానం మెట్లెక్కారు. ఈ పూలు ఒక మనిషివి కావు, ఊరివి. కాబట్టి హక్కు కూడా ఊరికే ఉండాలన్నది వాళ్ల వాదన. వాళ్ల నేతకు రక్షణగా చట్టం చేయమని కోర్టు 2017లో పార్లమెంటును కోరింది.

బండ మీది రాత

పత్తికొండ నుంచి గుత్తికి వెళ్లే దారిలో ఎర్రగుడి దగ్గర బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. పత్తికొండ పక్కన చిన్నహుల్తి దగ్గర రాజుల మందగిరిలోనూ ఒకటుంది. ఎర్రగుడిలో ఒక శాసనం భలే విచిత్రం. కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు... ఎడ్లు సాలు చివర మళ్లి వెనక్కి వచ్చినట్టు! రెండువేల రెండొందల ఏళ్లకు పైగా ఆ రాత అక్కడే ఉంది. పక్కనే పశువులు మేసేవి, పంటలు పండేవి. చదివేవాళ్లు మాత్రం లేరు. ఆ లిపిని 1837లో విప్పింది కలకత్తా టంకశాల ఉద్యోగి జేమ్స్ ప్రిన్సెప్. 1920ల చివర్లో ఎర్రగుడి బండల సంగతి బయటపెట్టింది అనూ ఘోష్ అనే భూగర్భ శాస్త్రవేత్త. ఇద్దరికీ శాసనాలు చదవడం జీతం తెచ్చే పని కాదు.

మాయన్ల రాతకూ ఇదే గతి పట్టింది, కాకపోతే దాన్ని పనిగట్టుకుని చంపారు. 1562లో మనీ అనే ఊళ్లో డియేగో దె లాండా అనే క్రైస్తవ సన్యాసి మాయా పుస్తకాలను కుప్ప పోసి తగలబెట్టించాడు. అలాంటి పుస్తకాలు నేడు లోకంలో నాలుగే మిగిలాయి. విడ్డూరమేమిటంటే, ఆ లిపికి తాళంచెవి దాచిపెట్టిందీ ఆయనే. ఒక మాయా లేఖకుణ్ని కూర్చోబెట్టి, తమ అక్షరాలకు సరిపడే గుర్తులు రాయించుకుని తన పుస్తకంలో పెట్టుకున్నాడు. పండితులు చాలాకాలం అది పనికిరాదన్నారు.

1952లో లెనిన్‌గ్రాడ్‌లో యూరీ క్నొరొజోవ్ అనే కుర్ర పరిశోధకుడికి వెలిగింది. అవి ఇంగ్లిషు లాంటి అక్షరాలు కావు, గుణింతం! క, కు, చు, లు... ఒక్కో గుర్తుకు ఒక్కో పలుకు. తెలుగు చదివే రెండో తరగతి పిల్లాడికి ఇట్టే తెలిసిపోయే సంగతి అది. క–క–వ అని మూడు గుర్తులు రాస్తే ‘కకావ్’, అంటే చాక్లెట్ తీసే కాయ. 1984లో రియో అసుల్ సమాధిలో దొరికిన మట్టిపాత్ర మీద ఆ మాట రాసి ఉంది. పాత్రలోని మడ్డిని పరీక్షిస్తే నిజంగానే అది కకావ్! క్నొరొజోవ్ మాత్రం మాయన్ల నేలను కళ్లారా చూసింది 1990లో.

ఈలోగా మరో మంచి పని జరిగింది. ఆ లిపి చదవడం నేర్చినవాళ్లు 1980ల చివరి నుంచి గ్వాటెమాలాలో మాయన్లకే తరగతులు పెట్టారు. అక్కడ పాఠం చెప్పేవాళ్లు గుర్తులు గీస్తుంటే, ఎదురుగా కూర్చున్న బడి పంతుళ్లు, రైతులు వాటిని చూసి ఇది మా అమ్మమ్మ ఇంకా వాడే మాటేనని గుర్తుపట్టేవాళ్లట. అలా నేర్చుకున్నవాళ్లు ఇప్పుడు తమ పిల్లలకు నేర్పుతున్నారు. కొత్త రాళ్లు నిలబెట్టి, చుక్కలూ గీతలతో ఇవాళ్టి తేదీ చెక్కుతున్నారు.